నిదానం బ్రేకు నొక్కిన రోజు

ఆస్పత్రిలో అందరూ ఆయన్ని నిదానం అనే పిలుస్తారు. అసలు పేరు జీతం తీసుకునే రోజున తప్ప వినపడదు. ఆ పేరు పెట్టింది ఆయనకంటే ముందు ఆ బండి నడిపిన పెద్ద డ్రైవరు. బండి అంటే శవవాహనం. చనిపోయినవాళ్ళను ఆస్పత్రి నుంచి ఇంటికో, ఊరికో చేర్చే తెల్లటి పొడవాటి వ్యాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద డ్రైవరు ఆయనకు పని నేర్పిన తీరు ఆస్పత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తాళాలు చేతికిచ్చి, తాను వెనక్కి వెళ్ళి స్ట్రెచరు మీద చేతులు కట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. "ఊరంతా ఒక చుట్టు తిప్పు. నాకు కుదుపు తెలిసినప్పుడల్లా రేకు మీద కొడతాను" అన్నాడు. మొదటి రోజు ఆ రేకు మోగుతూనే ఉంది. కొన్నాళ్ళకు మోత తగ్గింది. ఒకరోజు తిరిగొచ్చి వెనక తలుపు తీసేసరికి పెద్ద డ్రైవరు గురక పెట్టి నిద్రపోతున్నాడు. లేచి కళ్ళు నులుముకుంటూ, "ఇక నువ్వు నిదానం అయ్యావురా" అన్నాడు. ఆ మాట అలాగే అతుక్కుపోయింది.

అంత మెత్తగా బండి నడిపే మనిషికి కార్లంటే ప్రాణమని బయటివాళ్ళకు తెలియదు. సెలవు రోజు వచ్చిందంటే ఆయన బావమరిది మెకానిక్ షెడ్డులో ఏదో ఒక కారు కింద దూరి ఉండేవాడు. వీధిలో పోయే కారు శబ్దం విని అది ఏ కంపెనీదో, దాని సైలెన్సరుకు ఎక్కడ చిల్లు పడిందో చెప్పేవాడు. షెడ్డు వెనకాల ఎవరో బాగుచేయించుకోలేక వదిలేసిపోయిన చిన్న ఎర్ర కారు ఒకటి దుమ్ముకొట్టుకుని పడి ఉండేది. "తీసుకుపో బావా, నాకు చోటైనా ఖాళీ అవుతుంది" అన్నాడు బావమరిది. ఇద్దరూ కలిసి ఇంజను విప్పి, అరిగినవి మార్చి, మళ్ళీ బిగించారు. ఒక ఉదయం అది దగ్గి, తుమ్మి, చివరికి గొంతు సవరించుకుని మోగింది. అప్పటి నుంచీ ఆయన దాన్ని ఇంట్లో మనిషిలా చూసుకున్నాడు. కానీ దాన్ని కూడా అలాగే నడిపేవాడు, వెనక సీట్లో ఎవరో పడుకున్నట్టు. వెనక వచ్చే స్కూటర్లవాళ్ళు హారను కొట్టి కొట్టి విసిగిపోయి పక్కనుంచి వెళ్ళిపోయేవారు.

ఒకసారి దూరపు ఊరికి ఒక పెద్దావిడ దేహాన్ని చేర్చి, ఖాళీ బండితో తిరిగి వస్తూ రోడ్డు పక్క టీ కోసం ఆగాడు. ఎదురుగా పొడవాటి గోడ. గోడ వెనక నుంచి ఇంజన్లు అరుస్తున్నాయి. టీ సగంలోనే వదిలేసి లోపలికి వెళ్ళి, కంచె పట్టుకుని నిలబడ్డాడు. అది రేస్ ట్రాక్. పెద్ద పెద్ద కార్ల మధ్య అచ్చం తన కారులాంటిదే ఒక చిన్న కారు దూసుకొచ్చింది. మలుపు దగ్గరకు వచ్చేసింది, ఇంకా తగ్గదేమిటని ఆయన ఊపిరి బిగపట్టాడు. అప్పుడు దాని ముక్కు నేలకు వంగింది, వెనక భాగం పైకి లేచింది, క్షణంలో అంత వేగమూ ఎటు పోయిందో పోయింది. కారు తాడు కట్టి లాగినట్టు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

గేటు దగ్గరి కాపలా మనిషిని అడిగాడు. "ఇక్కడ ఎవరైనా నడపొచ్చా?"

"నెలకో ఆదివారం మామూలు జనానికి వదులుతారండి. లైసెన్సు, హెల్మెట్టు ఉండాలి, బండి కండిషన్‌లో ఉండాలి. అంతే."

అంతే అన్న మాట ఆయన చెవిలో ఉండిపోయింది. ఇన్నేళ్ళూ రేస్ ట్రాక్ అంటే వేరే రకం మనుషుల చోటనుకున్నాడు.

ఆయన భార్య ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటుంది. గట్టిగా మాట్లాడేవాళ్ళను కంటిచూపుతోనే కూర్చోబెట్టడం అలవాటైన మనిషి. ఆ సాయంత్రం సంగతి చెబితే ఆమె మడతపెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని చూసింది.

"మీరు? రేసుకా?"

"రేసు కాదు. పోటీ ఏమీ ఉండదు. ఎవరి బండి వాళ్ళు తిప్పుకుంటారు."

"తిప్పుకోడానికి ఊళ్ళో రోడ్లు లేవా?"

"రోడ్డు మీద అలా తిప్పకూడదు. అక్కడ తిప్పొచ్చు."

"ఈ వయసులో నడుం పట్టేస్తే ఎవరు చూస్తారు? ఇన్నాళ్ళూ లేని సరదా ఇప్పుడెందుకు?"

ఆయన దుప్పటి రెండో కొస అందుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఒక కారు ఎంత చేయగలదో అంతా దానిచేత చేయించి చూడాలని ఉంది. ఒక్కసారైనా" అన్నాడు.

కాపురంలో ఆయన పట్టుబట్టిన సందర్భాలు తక్కువ. పట్టుబడితే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. ఆ గొంతు తగ్గిందంటే ఇక వాదించి లాభం లేదని ఆమెకు తెలుసు. "హెల్మెట్టు సరిగ్గా సరిపోయేది చూసి తీసుకోండి" అని దుప్పటి మడత పూర్తిచేసింది.

మొదటి ఆదివారం ట్రాక్ మీద అడుగు పెట్టనే లేదు. లోపలికి వదిలేముందు బండ్లను తనిఖీ చేసే మనిషి బ్యాటరీ పట్టుకుని ఊపాడు. అది కదిలింది. బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి చూసి పెదవి విరిచాడు. "నల్లగా అయిపోయిందండి. వేడెక్కితే బ్రేకు పట్టదు. ఈరోజుకి కుదరదు."

బావమరిది మొహం కందగడ్డ అయింది. "నా చేత్తో చేసిన బండండీ ఇది. ఊళ్ళో ఎవర్నైనా అడగండి."

"ఊళ్ళో బాగానే ఉంటుంది" అన్నాడు ఆ మనిషి మామూలుగానే. "ఇక్కడ చాలదు."

బావమరిది ఇంకేదో అనబోతుంటే నిదానం అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆయన చెప్పింది నిజమే. పద." దారంతా బావమరిది గొణుగుతూనే ఉన్నాడు. నిదానం మాత్రం ఏమేమి మార్చాలో మనసులో అనుకుంటూ కూర్చున్నాడు. ఆ నెలంతా డ్యూటీ దిగగానే షెడ్డుకే వెళ్ళాడు. బ్రేకు ప్యాడ్లు మార్చారు, ఆయిల్ మార్చారు, బ్యాటరీకి కొత్త పట్టీ బిగించారు, టైర్లు మంచివి వేశారు. అన్నం తిన్నా చేతులు గ్రీజు వాసనే వేసేవి.

మళ్ళీ ఆదివారం వచ్చేసరికి భార్య కూడా బయల్దేరింది. "నేను చూడను. ఊరికే కూర్చుంటాను" అని ఒక పుస్తకం సంచీలో వేసుకుంది.

ఈసారి తనిఖీ మనిషి బ్యాటరీ ఊపి చూసి తలూపాడు. కొత్తవాళ్ళ పక్కన ఒక శిక్షకురాలు కూర్చోవాలి, ఆమె సరేనన్నాకే ఒంటరిగా వదులుతారు. నిదానానికి వచ్చిన శిక్షకురాలు ఒకప్పుడు పోటీల్లో నడిపిన మనిషి, పొట్టి జుట్టు, తొందర లేని మాట. బెల్టు బిగించుకుంటూ, "భయంగా ఉందా అండీ?" అని అడిగింది.

"కొంచెం ఉందమ్మా."

"ఉండాలి. పదండి."

తిన్నటి దారిలోకి రాగానే ఆయన పెడలు తొక్కాడు. ఆ చిన్న ఇంజను తన చేతిలో ఎప్పుడూ పలకని గొంతుతో పలికింది. పక్కన గోడ ఒక గీతలా సాగిపోయింది. ఆ ఆనందం మలుపు దాకానే. మలుపుకు ముందు రోడ్డు పక్కన తెల్ల పలకలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. "రెండో పలక దగ్గర గట్టిగా నొక్కండి" అని ఆమె ముందే చెప్పింది. ఆయన కాలు మొదటి పలక కూడా రాకముందే బ్రేకు మీదకు వెళ్ళింది. వెళ్ళి, వెన్న మీద చెయ్యి పెట్టినట్టు మెత్తగా ఆనింది. కారు హుందాగా, ఊరేగింపులోలాగా వేగం తగ్గించుకుంటూ మలుపు చేరింది. వెనక కార్లు తోకలా పోగయ్యాయి. ట్రాక్ పక్క గట్టు మీద జెండాలతో నిలబడ్డ మనిషి నీలం జెండా ఊపాడు, వెనకవాళ్ళకు దారి ఇమ్మని.

"ఇంకా గట్టిగా" అంది ఆమె.

తర్వాతి మలుపులోనూ అంతే. ఆ తర్వాత కూడా అంతే. నొక్కాలని ఆయన మనసు చెబుతోంది, కాలు వినడం లేదు. కొంచెం బలం పెట్టగానే ఎవరో వీపు వెనక రేకు మీద కొట్టినట్టయి పాదం తనంతట తాను తేలిపోతోంది.

ఆ విడత అయ్యాక కారు పక్కన పెట్టించి ఆమె హెల్మెట్టు తీసింది. "మీ చేతులు బాగున్నాయండీ. స్టీరింగు చక్కగా తిప్పుతున్నారు. కాలే రావట్లేదు. మీరు ఏం చేస్తుంటారు?"

ఆయన చెప్పాడు. ఆమె నవ్వుతుందేమోనని బావమరిది ముందే మొహం ముడుచుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"అది మంచి అలవాటే, మీ పనిలో" అంది. "ఇక్కడ మాత్రం వెనకాల ఎవరూ లేరండీ."

"నాకు తెలుసమ్మా. నా కాలికే తెలియట్లేదు."

ఆమె కొంచెంసేపు ఆలోచించి, "ఒకసారి మీరు ఇటు కూర్చోండి" అని తాను స్టీరింగు ముందుకు వెళ్ళింది.

సొంత కారులో పక్క సీట్లో కూర్చుని ఆయన చూసింది ఒక్క చుట్టే. తిన్నటి దారి చివర రెండో పలక దగ్గర ఆమె కాలు దిగింది. బెల్టు ఛాతీలోకి కోసుకుపోయింది, కళ్ళు ముందుకు పడతాయేమో అనిపించింది. ఏదో ఒకటి విరుగుతుందని ఆయన రెండు చేతులా సీటు పట్టుకున్నాడు. ఏదీ విరగలేదు. కారు తిన్నగా, బుద్ధిగా తగ్గి, మలుపు తిరిగింది. తాను తుడిచి, నూనె పోసి, పసిపిల్లలా చూసుకున్న ఈ బండి ఇంత మొరటుపనికి ఒప్పుకుంటుందని ఆయనకు ఆ రోజు దాకా తెలియదు. ఆయనకు కాస్త ఉక్రోషం కూడా కలిగింది. ఆమె కోసం చేసింది, నా కోసం ఎందుకు చేయదు?

ఆ ఉక్రోషంతోనే రెండో విడతకు వెళ్ళాడు. ఈసారి పాదం వెనక్కి తీయకూడదని పళ్ళు బిగించాడు. మూడు మలుపులు మునుపటికంటే నయంగా వచ్చాయి. నాలుగోది కాస్త కిందకు దిగే మలుపు. అక్కడ ఒక క్షణం తటపటాయించి, ఆలస్యమైందని తెలిసి, అప్పటికే స్టీరింగు తిప్పుతూ బలమంతా పెట్టి తొక్కాడు. వెనక చక్రాలు పట్టు వదిలేశాయి. ప్రపంచం పక్కకు జారింది. గోడ, ఆకాశం, వచ్చిన దారి ఒకదాని వెంట ఒకటి అద్దం ముందు నుంచి వెళ్ళాయి. కంకర గలగలమని కారు అడుగును కొట్టింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"దెబ్బ తగిలిందా?" అని అడిగింది ఆమె.

"లేదు. మీకు?"

"లేదు. ఇంజను ఆపండి. లోపలే ఉండండి."

ట్రాక్టరు వచ్చి తాడు కట్టి, అందరూ చూస్తుండగా ఎర్ర కారును కంకరలోంచి ఈడ్చింది. లోపల కూర్చున్న ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. కార్లు నిలిపే చోటికి చేరాక బావమరిది కింద దూరి ఒక్కొక్కటీ తడిమి చూశాడు. బండికి ఏమీ కాలేదు. బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంటూ, "చాలు బావా. నడిపావు, చూశావు. పద ఇంటికి" అన్నాడు. అతని గొంతులో భయం ఉంది.

శిక్షకురాలు ఆయన ముందు మునిగాళ్ళ మీద కూర్చుంది. "నొక్కారు కదా, అది సంతోషం. తిప్పుతూ నొక్కారు, అదే తప్పు. కారు తిన్నగా ఉన్నప్పుడే మొత్తం నొక్కేయాలి. ఆ పని అయ్యాకే తిప్పడం. భోజనాల తర్వాత ఇంకో విడత ఉంది. వస్తారో లేదో మీ ఇష్టం." అని వెళ్ళిపోయింది.

భార్య వచ్చి పక్కన నిలబడింది. పుస్తకం సంచీలోంచి బయటికి రానేలేదని ఆయన గమనించాడు. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"చూశావా?" అన్నాడు.

"చూశాను. మళ్ళీ వెళ్తారా?"

"వెళ్తాను." గొంతు బాగా తగ్గి ఉంది.

ఆమె సంచీలోంచి సీసా తీసింది. "అయితే ముందు నీళ్ళు తాగండి."

నీళ్ళు తాగి ఆయన కారులో కూర్చుని ఇంజను ఆన్ చేశాడు, అది ఆడుతుంటేనే బ్రేకు పెడలు బిగుసుకోకుండా కిందికి దిగుతుంది కాబట్టి. ఉన్నచోటునే ఉండి బ్రేకు తొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కసారిగా లోపలికి, తర్వాత మెల్లగా వదలడం. మళ్ళీ ఒక్కసారిగా. పక్క కార్లవాళ్ళు అన్నం డబ్బాలు ముందు పెట్టుకుని ఈయన్ని వింతగా చూశారు. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. కాసేపటికి పక్క తలుపు తెరుచుకుంది. భార్య వచ్చి కూర్చుంది.

"మీ అంతట మీరు నొక్కితే ఎప్పుడు నొక్కాలో మీకు ముందే తెలుస్తుంది కదా" అంది. "నేను చెప్తాను. చెప్పినప్పుడు నొక్కండి."

"ఏమని చెప్తావు?"

"ఇప్పుడు."

"ఏం చెప్తావని అడిగాను."

"'ఇప్పుడు' అనే మాటే చెప్తాను, అంటే నొక్కమని. ఇంత ఆలస్యంగా అర్థమైతే ఆ ట్రాక్టరు తాడు విప్పకుండా ఉంచుకోవాల్సిందే."

ఆయన నవ్వాడు. ఉదయం నుంచి అదే మొదటిసారి. ఆమె కాసేపు ఊరుకుని, ఏదో మామూలు మాట చెబుతూ, మధ్యలో "ఇప్పుడు" అనేది. మొదట్లో పాదం ఆలోచించుకుని కదిలేది. "కరెంటు బిల్లు ఇప్పుడు కట్టాలా, రేపా" అంటే ఒకసారి అనవసరంగా నొక్కాడు. రానురాను ఆ మాటకూ పాదానికీ మధ్య ఏమీ లేకుండా పోయింది. పిక్క నొప్పి పుట్టింది. అయినా ఆపలేదు.

మధ్యాహ్నం విడతలో శిక్షకురాలు ఎక్కువ మాట్లాడలేదు. తిన్నటి దారిలో కారు పూర్తి వేగం అందుకుంది. మొదటి పలక వచ్చింది, పోయింది. పాదం బ్రేకు మీదకు వెళ్తానంది, ఆయన వెళ్ళనివ్వలేదు. రెండో పలక పక్కకు రాగానే తొక్కాడు. ముక్కు వంగింది. బెల్టు ఛాతీని కోసింది. వెనక ఎవరూ కొట్టలేదు. వేగం మొత్తం కారు ముందు చక్రాల్లోకి దిగి, అక్కడ కరిగిపోవడం ఆయనకు అరికాలితో తెలిసింది. మెల్లగా వదిలి, తిప్పాడు. కారు మలుపు లోపలి అంచును తాకినంత దగ్గరగా వెళ్ళి, బయటి అంచుదాకా విశాలంగా వచ్చి, మళ్ళీ పరుగందుకుంది. ఆయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. దాన్ని మాట అనలేం.

అన్ని మలుపులూ అలా రాలేదు. కొన్నింటిలో ముందే నొక్కాడు. ఎడమ వైపు వేగంగా తీసుకోవాల్సిన పొడవాటి మలుపులో ప్రతిసారీ గుండె జారి పెడలు వదిలేశాడు. కానీ కిందకు దిగే ఆ నాలుగో మలుపులో, కంకర మీద తన కారు గీసిన గీతలు ఇంకా కనబడుతుండగానే, తిన్నగా ఉన్నప్పుడు మొత్తం నొక్కి, పూర్తయ్యాక తిప్పాడు. అప్పుడు పక్కనున్న శిక్షకురాలు బొటనవేలు ఎత్తి చూపించింది.

బయటికొచ్చాక బెల్టు విప్పుకుంటూ, "ఆఖరి విడతకు మీరొక్కరే వెళ్ళండి" అంది.

ఒంటరిగా వెళ్ళినప్పుడు కారు తేలికైనట్టనిపించింది. ఆయన ఎవర్నీ దాటలేదు. చాలామంది ఆయన్ని దాటారు, ఆయన చెయ్యి బయటకు చూపి దారి ఇచ్చాడు. కొన్ని చుట్ల తర్వాత ఒక నల్ల కారు కూడా అలాగే దాటి, తిన్నటి దారిలో ఆయనకు ముందుగా దూసుకుపోయింది. మలుపు దగ్గర అది మరీ ఆలస్యంగా బ్రేకు వేసింది. వెనక భాగం ఊగింది, తిరిగింది, దారికి అడ్డంగా నిలిచిపోయింది. ముందు ప్రమాదముందని పసుపు జెండా ఊపడానికి కూడా గట్టు మీది మనిషికి సమయం చిక్కలేదు. నిదానం ఆలోచించలేదు. పాదం దిగిపోయింది. టైర్లు కీచుమన్నాయి, చక్రాలు బిగుసుకుపోబోతున్నట్టు తెలిసి వెంట్రుకవాసి వదిలి, మళ్ళీ నొక్కాడు. స్టీరింగు తిన్నగా పట్టుకున్నాడు. నల్ల కారు తలుపు, దాని అద్దంలోంచి ఇటే చూస్తున్న కుర్రవాడి కళ్ళు పెద్దవవుతూ వచ్చాయి. ఎర్ర కారు ఆగింది. మధ్యలో ఒక మనిషి సులువుగా నడిచిపోయేంత చోటు మిగిలింది.

ఎర్ర జెండాలు లేచాయి. ఆ రోజుకు ట్రాక్ మూసేశారు. ఆయన ఇంకొన్ని చుట్లు తిరగాలనుకున్నాడు. అవి దక్కలేదు.

నల్ల కారులోని కుర్రవాడు నడుచుకుంటూ వచ్చాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "సారీ అంకుల్. మీరు గుద్దేస్తారనుకున్నాను" అన్నాడు.

"నేనూ అనుకున్నాను బాబూ" అన్నాడు నిదానం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఎందుకో చేతులు కలుపుకున్నారు.

శిక్షకురాలు దూరం నుంచి వచ్చి కారు చక్రాల వెనక రోడ్డు మీద పడ్డ నల్లటి చారలను చూసింది. తిన్నగా ఉన్నాయి. "వచ్చే నెల ఆ ఎడమ మలుపు సంగతి చూద్దాం" అంది. వస్తారా అని అడగలేదు.

ఇంటికి బయల్దేరేసరికి ఆయన కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయింది. కుంటుతూ రెండడుగులు వేసి కారు పట్టుకుని నిలబడ్డాడు. బావమరిది తన బండిలో ముందే వెళ్ళిపోయాడు. "తాళాలు ఇటివ్వండి" అని భార్య చెయ్యి చాపింది. ఆమె నడపగా పక్కన కూర్చోవడం ఆయనకు అలవాటు లేదు. "క్లచ్చు కొంచెం..." అనబోయాడు. ఆమె లైబ్రరీలో చూసే చూపు ఒకటి చూసింది. ఆయన ఊరుకున్నాడు.

సగం దారి దాటారు. తర్వాత ఆమె రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా అడిగింది. "ఆ ఎడమ మలుపులో మీరు ప్రతిసారీ ముందే దారి మధ్యకు వచ్చేస్తున్నారు. మిగతావాళ్ళు దారి అటు అంచు నుంచి తిప్పడం మొదలుపెడుతున్నారు. గట్టు మీద నుంచి చూస్తే బాగా తెలుస్తోంది. ఎందుకలా?"

ఆయన సీట్లో పూర్తిగా ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. "ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నారు? సరిగ్గా చెప్పు" అన్నాడు.

ఆమె చెప్పింది. ఆయన కాదన్నాడు. ఆమె అవునంది. ఇంటి ముందు కారు ఆగిన తర్వాత కూడా లోపల దీపం వెలుగుతూనే ఉంది. అద్దం మీది దుమ్ములో ఆమె వేలితో ఒక మలుపు గీస్తోంది, ఆయన దాని మీద ఇంకొకటి దిద్దుతున్నాడు.